మాట వచ్చేదాకా

షట్టరు సగానికి దించి, లైటు కూడా వేసుకోకుండా కటింగ్ బల్ల ముందు కూర్చున్నాడు టైలరు మాస్టరు. బల్ల మీద ఫోను వెల్లకిలా పడి ఉంది, దాని పక్కన టేపు, సుద్దముక్క, సగం కత్తిరించి వదిలేసిన నీలం గుడ్డ. బడులు తెరిచే రోజులు కాబట్టి కొట్లో ఎటు చూసినా నీలమే, ఇవాళ సెలవు కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఈపాటికి పిల్లల తల్లులు షట్టరు కింద నుంచి దూరి మరీ వచ్చి యూనిఫారాలేవీ అని నిలదీసేవాళ్ళు. కింద సందులోంచి వీధిలో పోయే కాళ్ళు కనిపిస్తున్నాయి, మోకాళ్ళ పైన మనుషుల్లేరు, ప్యాంట్లే నడుస్తున్నాయి, ఇది నేను కుట్టింది, అది బజార్లో కొన్నది, ఆ వచ్చేదాని అంచు ఎవడో చేతకానివాడు విప్పి మళ్ళీ కుట్టాడు అని అతని కన్ను తన పని తాను చేసుకుపోతోంది, ఎందుకంటే కన్ను ఫోను వైపు తిరిగితే చెయ్యీ తిరగాలి, చెయ్యి తిరిగితే నోరు తెరవాలి. చెయ్యాల్సింది ఎంతని, అక్క పేరు మీద వేలు పెట్టాలి, ఆమె ఎత్తగానే మాట్లాడాలి, అంతేగా, లోకంలో ప్రతివాడూ చేసే పనే, నడుస్తూ చేస్తారు, తింటూ చేస్తారు, మెడకీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని బండి నడుపుతూ కూడా చేస్తారు, తనకి మాత్రం గొంతు దగ్గర ఎవరో గుండీ పెట్టేసినట్టు ఉంటుంది.

నత్తి అంటే జనానికి తెలిసింది ఒక నవ్వులాట చప్పుడు. మాస్టరు నత్తిలో చప్పుడు తక్కువ, ఆగిపోవడమే ఎక్కువ. మాట లోపల సిద్ధంగానే ఉంటుంది, ఏ మాటో తెలుసు, దాని వెనక రాబోయే మాటా తెలుసు, పెదాల దాకా వచ్చి అక్కడ కదలదు. ఎదురుగా మనిషుంటే కొంత నయం, మొహం చూసి ఆగుతారు, చెయ్యి చూసి అర్థం చేసుకుంటారు, అదీ కాకపోతే నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుంటే చాలు, టైలరు పనిలో ఉన్నాడనుకుంటారు తప్ప బదులు చెప్పలేదేమని ఎవరూ అడగరు, ఈ ఉపాయం కనిపెట్టిన రోజున అతనికి ఎంత హాయి అనిపించిందో. ఫోనుకి మొహం లేదు, చెయ్యి లేదు, సూదులు లేవు. కొట్లో మొదటిసారి ఫోను పెట్టించినప్పుడు గంట మోగితే పరుగెత్తుకెళ్ళి ఎత్తేవాడు, అటు హలో హలో అనేవాళ్ళు, ఇటు తన హలో బయలుదేరేది కాదు, ఒట్టి గాలితో పలికే అక్షరానికి కూడా ఇంత బరువేమిటో, అటువాళ్ళు దీని దుంప తెగ అని పెట్టేసేవాళ్ళు. తర్వాత తర్వాత భార్యే ఎత్తడం మొదలుపెట్టింది, ఇద్దరి మాటలూ కలిపి ఆమే మాట్లాడేస్తుంది, దేవుడు ఈ ఇంటికి ఇవ్వాల్సిన నోరంతా ఒక్కచోటే ఇచ్చాడని చుట్టాల్లో ఒక ఛలోక్తి.

ఆమే పోయిన వారం కంచం ముందు కూర్చోబెట్టి చెప్పింది. "మీ మేనకోడలు ఫోన్ చేసింది. వదిన కళ్ళు పూర్తిగా పోయినట్టేనట. అక్షరం కనబడట్లేదట. మీ ఉత్తరాలు వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయట, చదివి పెడతానంటే వద్దంటోందట. వాడినే ఫోన్ చెయ్యమను అందట." అతను తల అడ్డంగా ఊపాడు. "అదంతా నాకు తెలియదు. ఆదివారం మధ్యాహ్నం పిల్ల బయటికెళ్తుందట, వదిన ఒక్కతే ఉంటుందట. మీరు మీరు తేల్చుకోండి." పోనీ మాటలు రికార్డు చేసి పంపమని మేనకోడలే ఒక దారి చెప్పిందట, తప్పొస్తే చెరిపేసి మళ్ళీ చెప్పొచ్చు కదా అని, ఆ మాట విని అక్క, వాడి గొంతుని డబ్బాలో పెట్టి పంపించొద్దు, మనిషిని రమ్మను అందట. మనిషి వెళ్ళొచ్చు, ఒక రాత్రీ ఒక పగలూ రైల్లో కూర్చుంటే వెళ్ళొచ్చు, బడులు తెరిచాక వెళ్తాడు కూడా, కానీ వెళ్ళినప్పుడల్లా ఏం జరుగుతుందో అతనికి తెలియనిదా, అక్క టీ పెడుతుంది, తను తాగుతాడు, ఆమె జాకెట్టు చేతులు వదులయ్యాయని బిగించి పెడతాడు, ఇద్దరూ గుమ్మంలో కూర్చుని వీధి చూస్తారు, మళ్ళీ రైలెక్కి ఇంటికొచ్చాకే, ఆ పైన వచ్చే ఆదివారం కాగితం ముందు కూర్చున్నాకే, అసలు మాటలన్నీ మొదలవుతాయి.

ఇవాళ పొద్దున్న భార్య చీర మార్చుకుని సంచీ భుజాన వేసుకుంది. ఎక్కడికి అన్నట్టు చూశాడు. "మా చెల్లెలింటికి. నేనుంటే మీరు ఆగగానే ఫోను లాక్కుంటాను. నా సంగతి నాకు తెలీదా? అందుకే పోతున్నా," అంది, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి అతని కాలరు సరిచేసి మరీ వెళ్ళింది, ఫోన్లో కాలరు కనిపిస్తుందన్నట్టు.

ఉత్తరాల్లో మాస్టరు వేరే మనిషి. అక్కడ అతనంత వాగుడుకాయ లేడు. నడుము కొలత పెరిగిందంటే ఒప్పుకోని లావుపాటి గుమాస్తా ఒకడున్నాడు, ప్రతిసారీ నీ టేపు కుంచించుకుపోయింది మాస్టరూ, తడిసిందేమో అంటాడు, వాడి గురించి అక్కకి పేజీలకి పేజీలు రాశాడు, వాడి మూతి విరుపు, వాడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునే తీరు, ఆ ఊపిరి వదిలేదాకా తను టేపు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడటం. ఆగకుండా రాస్తాడు, కలం ఎక్కడా తట్టుకోదు, ఏ అక్షరానికీ భయం లేదు, పలకడానికి ప్రాణం తీసే మాటల్ని కావాలని ఏరుకుని మరీ రాస్తాడు, చకచకా, కిటకిటా, పకపకా, కాగితం మీద అవి ఎంత బుద్ధిగా నడుస్తాయో. అక్క రాసేది తక్కువ. ఆమె పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవుల మీద ఇనప కమ్మీ పెట్టుకుని లోకం ఏడుపులన్నీ ఈ గదినుంచి ఆ గదికి కలిపేది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే రాసింది, ఒరే, రోజంతా నా చెవిలో జనమే, ఇంటికొచ్చాక ఎవరి గొంతూ వినబుద్ధి కాదు, నువ్వు ఉత్తరం రాయి, చప్పుడు లేకుండా చదువుకుంటాను అని. నిజంగానే గొంతులంటే విసుగొచ్చి అలా రాసిందా, తమ్ముడికి ఫోను గండం తప్పిద్దామని రాసిందా, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

పోయిన ఏడాది నుంచి ఆమె ఉత్తరాల్లో వరసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం మొదలుపెట్టాయి, మిషను దారం పట్టు తప్పితే కుట్టు ఎలా ఉబ్బి ముద్దవుతుందో అలా, బాగున్నాను అన్న మాట మీద నువ్వెలా ఉన్నావు పడేది, రెంటినీ విడదీసి చదువుకునేవాడు. తర్వాత అదీ రాలేదు. అతను రాస్తూనే ఉన్నాడు, అక్షరాలు పెద్దవి చేశాడు, చివరి ఉత్తరంలో ఒక పేజీకి పది మాటలు కూడా పట్టలేదు, అది చూసి తపాలా బంట్రోతు నవ్వుకుని ఉంటాడు, కాదు, కవరు మూసి ఉంటుంది కదా, పిచ్చి, ఏవేవో అనుకుంటున్నాడు. ఆ పెద్ద పెద్ద అక్షరాలు కూడా ఆమె తెరవలేదు. మూసిన కవర్లు దిండు కింద పెట్టుకుందట. ఎవరినీ చదవనివ్వలేదు. కోపమా? నాకు కళ్ళు పోయాయని తెలిసి కూడా కాగితాలు పంపుతున్నాడు, ఇంత పిరికివాడా అనుకుందా? అంతకుముందు ఎప్పుడైనా అలా అనుకుందా?

షట్టరు కింద ఒక పిల్లాడి కాళ్ళు ఆగాయి, లోపలికి వంగి చూసి, లేరమ్మా అని పోయాడు. లేను, నిజమే. చిన్నప్పుడు బళ్ళో హాజరు పిలిస్తే అతను ఉన్నానని చెప్పలేక ఎన్ని రోజులు లేనట్టే పడిందో, ఎదురుగా కూర్చున్నవాణ్ణి చూస్తూనే లేడని రాసుకునే మేష్టారొకాయన. పిల్లలు టైపుమిషనని పేరు పెట్టారు. ఇంటి దగ్గర మాత్రం ఏ బాధా లేదు, అక్క ఉండేది. వాడికి నీళ్ళు కావాలట. వాడికి ఆ రొట్టె వద్దట. వాడి పలక పగిలిందట, వాడు పగలగొట్టలేదట. తను మొదటి అక్షరం దగ్గర ఉండగానే ఆమె మాట మొత్తం చెప్పేసేది, నూటికి తొంభై సార్లు సరిగ్గానే చెప్పేది, ఆమె చెప్పేస్తే అతనికి ఎంత హాయిగా ఉండేదో, ఆ హాయి వెనకే మింగేసిన మాట కడుపులో ఎక్కడో తిరుగుతూ ఉండేది, దాన్నేమంటారో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ఒక్కసారి తప్పింది. నాన్న షెడ్డు నుంచి వచ్చి చేతుల గ్రీజు కిరసనాయిలుతో తుడుచుకుంటున్నాడు, ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది, గుడ్డని గోళ్ళ సందుల్లో తిప్పుకుంటూ తలెత్తకుండా అడిగాడు, ఏరా, బడికి పోతావా, కుట్టుపనికి పెట్టమంటావా, టైలరు ఎవరినైనా చూడమంటున్నాడు. తను నోరు తెరిచాడు. చ. చ. ఆ అక్షరం దగ్గర పళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయాయి. గుమ్మంలో జడ అల్లుకుంటున్న అక్క, చాలంటున్నాడు నాన్నా, బళ్ళో పిల్లలు వాడి ప్రాణం తీస్తున్నారు, చదువు చాలంటున్నాడు అంది. నాన్న సరే అన్నాడు. ఆ గుడ్డ మూలకి విసిరేసి లోపలికెళ్ళిపోయాడు. చదువుతా అనబోయాడు తను. అంతే, చదువు తర్వాత ఒక్క అక్షరం. తల ఊపి కాదనొచ్చు, ఏడవొచ్చు, పలక మీద రాసి చూపించొచ్చు, ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి, అప్పుడు అక్క మొహం చూశాడు, తమ్ముణ్ణి పెద్ద ఆపద నుంచి తప్పించినట్టు వెలిగిపోతోంది, ఇక ఏమంటాడు. ఆ వారంలోనే కాజాలు కుట్టడం నేర్పడం మొదలుపెట్టారు. పని మంచిదే. చేతికి బాగానే అబ్బింది. కోపమూ లేదు, ఉన్నా ఎప్పుడో అరిగిపోయింది. అయినా ఎన్ని ఆదివారాలు ఆ సంగతి రాద్దామని మొదలుపెట్టి ఆ గుమాస్తా పొట్టలోకి దారి మళ్ళించాడో.

దానికి ఎదురు ఇంకో రోజుంది, అది గుర్తొస్తే ఒక్కడూ కూర్చుని కూడా నవ్వుకుంటాడు. కూతురు పుట్టిన రోజు. ఆసుపత్రి బయట డబ్బులేసి మాట్లాడే ఫోను, వెనక వరసలో జనం, అక్కకి వెంటనే చెప్పాలి, ఉత్తరం వెళ్ళేసరికి పిల్ల బోర్లా పడుతుంది. నంబరు తిప్పాడు, అక్క ఆపరేటరు గొంతుతో ఎవరు కావాలండీ అంది. తను పా అన్నాడు. పా. పా. ఆగిపోయాడు. వెనక నుంచి ఎవరో త్వరగా కానీ బాబూ అంటున్నారు. పా, పా. అక్క ఒక్క కేక వేసింది, పాపా! ఆడపిల్లా! అని, పక్కనున్న ఆపరేటర్లందరికీ అరిచి చెప్పేసింది, ఆ కాసేపు ఆసుపత్రి లైన్లన్నీ ఆగిపోయి ఉంటాయి. జీవితంలో నత్తి తనకి చేసిపెట్టిన మేలు అదొక్కటే, రెండుసార్లు తట్టుకుంటే మాట పూర్తయిపోయింది.

ఫోను చేతిలోకి తీసుకున్నాడు. మొదట ఏం అనాలి? అక్కా అనాలి. అ మీద ఒక్కోసారి బాగానే వస్తుంది, ఒక్కోసారి గొంతు అడుగున తలుపు పడిపోతుంది. నేనే అంటే? నే నయం. గుడ్డలో చిల్లు ఎక్కడుందో చూసుకుని దాన్ని తప్పించి కత్తిరించినట్టు అతను రోజంతా మాటల్ని తప్పించుకుంటూ తిరుగుతాడు, చొక్కా అనలేక పైది అంటాడు, కాలరు అనలేక మెడ అంటాడు. నేనే, బాగున్నావా, బా కూడా కష్టమే, నేనే, ఎలా ఉన్నావు, అది బాగుంది, నేనే ఎలా ఉన్నావు, నేనే ఎలా ఉన్నావు. ఖాళీ కొట్టులో పైకే అన్నాడు. గడగడా వచ్చింది. మిషన్లకీ, వేలాడుతున్న చిన్న చిన్న నీలం నిక్కర్లకీ ఎప్పుడూ గడగడానే వస్తుంది.

వేలు పెట్టబోతుంటే ఫోను చేతిలోనే గొల్లుమంది. ఉలిక్కిపడి, చూసుకోకుండా ఎత్తేశాడు. ఎవరో ఆడమనిషి. "మాస్టరుగారూ, మా వాడి యూనిఫారం అయిందా? హలో? హలో?" లేదు, రేపు సాయంత్రం. రేపు. రే. పెదాలు కదులుతున్నాయి. "సిగ్నల్ లేనట్టుంది," అని ఆమె పెట్టేసింది. మాస్టరు ఫోను బల్ల మీద బోర్లించాడు. అరచేతులు తడిసిపోయాయి, ప్యాంటుకి తుడుచుకున్నాడు. చూశావా, ఇంతే, దీనికి ఇన్ని తయారీలు, ఈ మనిషికి చెప్పలేనివాడివి అక్కకి చెప్తావా, ఇంటికెళ్ళి పడుకో, రైలు టిక్కెట్టు చూసుకో, భార్యకి లైను కలవలేదని చెప్పు. లేచాడు కూడా. షట్టరు దాకా నడిచాడు. అక్కడ వంగి బయటికి పోబోతూ అనుకున్నాడు, ఆమె ఇప్పుడు ఫోను పక్కన కూర్చుని ఉంటుంది. చెయ్యమని తనే అడిగింది. ఎత్తడానికి కూడా తడుముకోవాలని చెయ్యి ఫోను మీదే పెట్టుకుని ఉంటుంది. సాయంత్రం పిల్ల వచ్చి, మావయ్య చేశాడా అని అడుగుతుంది. ఏం చెప్తుంది?

వెనక్కి వచ్చి, కూర్చోకుండా, ఆలోచించకుండా వేలు పెట్టేశాడు. గంట ఒక్కసారి పూర్తిగా మోగకముందే ఎత్తింది.

హలో అనలేదు ఆమె. అటు ఏమీ లేదు, ఇటు తనూ లేడు, నేనే అన్న మాట ఎక్కడికో పోయింది, నాలుక పళ్ళ వెనక అతుక్కుంది, ఛాతీ రాయి అయిపోయింది, ఇప్పుడు హలో హలో అంటుంది, ఎవరూ లేరనుకుంటుంది, పెట్టేస్తుంది, పెట్టేస్తుంది.

"నువ్వేరా," అంది అక్క. "పెట్టెయ్యకు."

ముసలి గొంతు అయింది. కానీ అదే గొంతు.

"ఖాళీ లైను చప్పుడు వేరు, మనిషున్న లైను చప్పుడు వేరు. బతుకంతా అదే విన్నదాన్ని, నాకు తెలీదా? తొందరేం లేదు. నాకివాళ ఏ పనీ లేదు. ఆ మాటకొస్తే రేపూ లేదు. నువ్వూ కూర్చో, నేనూ కూర్చుంటాను."

కూర్చున్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. ఫోన్లో ఇంతసేపు ఎవరూ ఏమీ అనకుండా ఉండటం అతనెరగడు, మొదట భయంగానే ఉంది, ఏ క్షణాన లైను తెగుతుందోనని, తర్వాత మెల్లగా అటు నుంచి ఏవో వినిపించాయి, ఫ్యాను తిరుగుతున్న కిర్రుకిర్రు, ఎక్కడో కుళాయి బొట్లు బొట్లుగా కారడం, ఆమె కుర్చీలో సర్దుకోవడం, ఆమె ఊపిరి. ఇటు వీధిలో ఏదో బండి పోయింది. "లారీయా?" అంది ఆమె, తనలో తను అనుకుంటున్నట్టు, బదులు అడగకుండా. ఛాతీ మీద రాయి ఎప్పుడు దిగిందో తెలియదు.

"అ… అ… అక్కా," అన్నాడు.

"ఊఁ."

"క… క… కళ్ళు…"

"కళ్ళా? చుట్టూ ఉంది, మధ్యలో లేదు. మనిషొస్తే చెవులు కనిపిస్తాయి, మొహం ఉండదు. నీ మేనకోడలిప్పుడు రెండు చెవులూ ఒక కొప్పూనూ. డాక్టరైతే మరీ అన్యాయం, ఒట్టి బట్టతల." తనే నవ్వింది. తర్వాత ఆగి, "నీ ఉత్తరాలు చదవనివ్వలేదని కోపమొచ్చిందా?" అంది.

"లే… లేదు. నీకే… కోపమను… కున్నా."

"నాకెందుకురా! మొదట్లో ఒకటి పిల్లతో చదివించుకున్నా. అది వార్తలు చదివినట్టు గడగడా చదివేస్తోంది. నాకు నువ్వులా అనిపించలేదు. ఎవడో వాగుడుగాడు నా తమ్ముడి కవర్లో దూరాడనిపించింది. ఆపవే తల్లీ అన్నాను. నేను చదువుకున్నప్పుడల్లా నీ గొంతుతోనే చదువుకునేదాన్ని కదా. నువ్వు ఎక్కడ ఆగుతావో అక్కడే ఆగి."

మాస్టరు ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఇన్ని ఏళ్ళు. ఇన్ని ఆదివారాలు. కాగితం మీద తను నత్తి లేని మనిషిననుకున్నాడు, అక్క దగ్గరికి వెళ్ళేది ఆ మనిషే అనుకున్నాడు, చకచకా కిటకిటా పకపకా అని ఏరుకుని ఏరుకుని రాశాడు, ఆమె అక్కడ కూర్చుని ప్రతి చ దగ్గరా ప్రతి క దగ్గరా ఆగి, అతను దాటేదాకా ఉండి, దాటాక ముందుకెళ్ళింది. ముందు ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది, బట్టలు మార్చుకుంటుంటే ఎవరో తలుపు తీసినట్టు. ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. దాచిపెట్టడానికి ఏమీ మిగల్లేదు కదా అనిపించింది, ఇక దేన్ని కాపలా కాయాలి, భుజాలు వాటంతటవే దిగిపోయాయి, ఇన్నాళ్ళూ అవి అంత పైకి ఎత్తిపెట్టుకుని ఉన్నాడని ఇప్పుడే తెలిసింది.

"ఆ పొట్ట గుమాస్తా ఏం చేస్తున్నాడు?" అంది అక్క.

"వా… వాడు మొన్న వచ్చాడు. చ… చ…" పడింది తాళం. ఇది చ. మిగతావాటితో ఎలాగో నెట్టుకొస్తాడు గానీ దీనితో కాదు. పైది అనొచ్చు, తప్పించుకోవచ్చు, అలవాటుగా పక్కదారి వెతుక్కుంటూ, ఇప్పుడు అక్క చెప్పేస్తుందిలే అనుకున్నాడు, చెప్పేస్తుంది, చిన్నప్పట్నుంచీ చెప్పేదేగా. ఆమె చెప్పలేదు. ఫ్యాను కిర్రుమంటోంది. కుళాయి కారుతోంది. అటు ఆమె అక్కడే ఉంది, ఊపిరి వినిపిస్తోంది, తొందర లేని ఊపిరి. చ. చ. "చొక్కా," అన్నాడు మాస్టరు. "చొక్కా కుట్టించుకోవడానికి."

"చొక్కానా," అంది అక్క. "నేను చలువ కళ్ళద్దాలనుకున్నా."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయ్యాక ఆమె గొంతు మారింది. "ఒరే, ఒకటి అడుగుతాను. ఆ రోజు నాన్న అడిగినప్పుడు నువ్వు అనబోయింది చాలు అని కాదు కదూ?"

"కాదు," అన్నాడు.

ఆ మాట ఏ అడ్డూ లేకుండా వచ్చేసింది. ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు, క మీద మొదలయ్యే మాట, ఎప్పుడూ మొండికేసేదే, పెరట్లోకి తలుపు తోసుకుని పిల్లి వెళ్ళినట్టు వెళ్ళిపోయింది.

"నాకు అనుమానం ఉండేదిరా. నీ మొదటి జీతం రోజున పాత పుస్తకాలు కొనుక్కొచ్చావు చూడు, అప్పట్నుంచీ. ఎన్నిసార్లు రాద్దామనుకున్నానో. రాస్తే నిలిచిపోతుంది. నువ్వు మళ్ళీ మళ్ళీ తీసి చదువుకుంటావు, చదివినప్పుడల్లా కొత్తగా తగులుతుంది. మాటైతే అనేసి, వినేసి, అయిపోతుంది కదా అనిపించింది. అందుకే నిన్ను ఫోన్ చెయ్యమన్నాను. కళ్ళు ఒక సాకు." గొంతు సవరించుకుంది. "నీ నోట్లోంచి మాట లాగేసుకున్నాను."

అతను ఏదో అనాలి. ఏమీ ఫరవాలేదు అనాలి, అది అబద్ధం, పూర్తి అబద్ధమూ కాదు. ఏళ్ళ తరబడి మోసిన బరువు ఇప్పుడు దించి చూసుకుంటే ఏముంది, ఒక పిల్లాడు, వాడి పలక, గ్రీజు గుడ్డ, గుమ్మంలో జడ అల్లుకుంటున్న ఇంకో పిల్ల. ఆ పిల్లకి మాత్రం ఎంత వయసని. తనకైతే ఇద్దరూ తన కూతురి కంటే చిన్నవాళ్ళలా కనిపించారు.

"బళ్ళో… పి… పిల్లలు నా ప్రాణం తీ… తీసింది నిజమే కదా," అన్నాడు.

"అది నిజమే అనుకో. అయినా చదివుంటే ఏమయ్యేవాడివిరా?"

కొంచెం ఆలోచించాడు. "నీ… నీలాగే. టె… టెలిఫోన్ ఆపరేటర్ని."

అటు అక్క నవ్వు మొదలైంది, మొదట ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, తర్వాత ఊపిరాడక, వద్దురా, వద్దురా అంటూ, ఆసుపత్రికి ఫోన్ చేసినవాడు, డాక్టరు గారు కావాలండీ అంటే, నువ్వు ఒక్క ని-మి-షం అనేలోపు, వాడికి జబ్బు నయమైపోయి ఇంటికెళ్ళిపోతాడు అని మాట మాటకీ ఆగి నవ్వుకుంటూ చెప్పింది, ఇటు మాస్టరు బల్ల మీద తల ఆన్చి నవ్వాడు, నీలం గుడ్డ తడిసింది, నవ్వుతోనో దేనితోనో. నత్తి మీద ఇంతమంది నవ్వారు గానీ ఆ నవ్వులో తనూ ఉండటం ఇదే మొదలు.

"సరే," అంది చివరికి, అలిసిపోయి. "కవర్లన్నీ ఇక్కడే ఉన్నాయి, చేతిలో పట్టుకున్నా. వీటిలో ఏం రాశావో చెప్పు. ఒకటీ వదలకు. రాత్రుళ్ళు నిద్ర పట్టి చావట్లేదు, పగలంతా ఏ పనీ లేక కూర్చోవడమే అయ్యాక పడుకోవడం ఎప్పుడో లేవడం ఎప్పుడో తెలియట్లేదు, కనీసం ఆలోచించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది."

చెప్పాడు. గుమాస్తా కొత్త చొక్కా సంగతి చెప్పాడు, వాడు ఇంటి నుంచి సొంత టేపు తెచ్చుకోవడం, ఆ టేపు మీద అంకెలు చెరిగిపోయి ఉండటం. కూతురు ఉద్యోగం మారిన సంగతి చెప్పాడు. భార్య ఒకరోజు గొంతు బొంగురుపోయి మాట రాకపోతే ఇల్లంతా గోడ గడియారం ఆగినట్టు ఉందని, వీధిలోవాళ్ళు వచ్చి ఏమైందని అడిగారని చెప్పాడు. ఆగాడు, చాలాచోట్ల ఆగాడు, ఒకచోట ఎంతసేపు ఆగాడంటే షట్టరు కింద ఒక మనిషి కాళ్ళు వచ్చి, నిలబడి, చెప్పు సరిచేసుకుని వెళ్ళిపోయేదాకా, అయినా దారి మళ్ళలేదు, పైది అనలేదు, మెడ అనలేదు, ఏ మాట అనుకున్నాడో ఆ మాటే అన్నాడు. మొదట ఆమె ఊఁ కొట్టింది. తర్వాత ఊఁ లు దూరమయ్యాయి. తర్వాత ఏదో వేరే చప్పుడు వస్తోందని ఆగి విన్నాడు.

గురక.

మాస్టరు ఊపిరి బిగబట్టాడు. ఎంతమందో తన మాట మధ్యలో వాచీ చూసుకున్నారు, కిటికీలోంచి చూశారు, తన మాట తామే చెప్పేసి వెళ్ళిపోయారు. వినేవాళ్ళు నిద్రపోవాలంటే ఒక మనిషి ఎంతసేపు మాట్లాడాలి! అంతసేపు మాట్లాడాడన్నమాట. మాట్లాడీ మాట్లాడీ ఒకరిని జోకొట్టి పడుకోబెట్టాడు. ఆ గురక మెత్తగా, తీరుబడిగా సాగుతోంది, మధ్యలో ఒక చిన్న ఈల. మిగిలింది గొంతు తగ్గించి చెప్పుకుంటూ పోయాడు, కూతురు కొత్త గదికి కిటికీ ఎటు ఉందో, అందులోంచి ఏం కనిపిస్తుందో.

అటు తలుపు చప్పుడైంది. అడుగులు, తర్వాత ఫోను ఎవరో మెల్లగా తీసుకున్నట్టు గరగర. "మావయ్యా?" మేనకోడలు గుసగుసగా అంది. "ఇంకా లైన్లోనే ఉన్నావా? అమ్మ కుర్చీలోనే నిద్రపోయింది. ఎన్ని రోజులైందో ఇలా పడుకుని. లేపనా?"

మాస్టరు నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆ పిల్ల కూడా ఏమీ అనకుండా నిలబడింది.

"లే… లే… లేపకమ్మా," అన్నాడు. "మి… మిగతాది రేపు చెప్తాను."